అద్దె బాకీ ఉన్న హీరో: ‘స్పైడర్‌మ్యాన్ 2’ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సినిమా ఇప్పుడే చూశారు కాబట్టి కథంతా మళ్ళీ చెప్పను, కావలసిన సీన్లు మాత్రం గుర్తుచేస్తాను.

‘స్పైడర్‌మ్యాన్ 2’ 2004లో వచ్చింది. డైరెక్టర్ శామ్ రైమీ, హీరో టోబీ మగ్వైర్, విలన్‌గా ఆల్ఫ్రెడ్ మొలీనా. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఈ మధ్యలో సూపర్ హీరో సినిమాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం కూడా మానేశాం, అయినా సీక్వెల్ ఎలా తీయాలి అనే మాట వచ్చినప్పుడల్లా నేను తిరిగి తిరిగి దీని దగ్గరికే వస్తాను. ఎందుకొస్తానో ఈరోజు చెప్తాను. ఎక్కడ కాలు జారిందో కూడా చెప్తాను, ఇష్టమైన సినిమా కదా అని దాచను.

మొదటి పది నిమిషాలు గుర్తుతెచ్చుకోండి. పీటర్ పార్కర్ పిజ్జా డెలివరీ బాయ్. ఎనిమిది పెద్ద పిజ్జాలు, నలభై రెండు వీధుల దూరం, ఏడున్నర నిమిషాల టైమ్. లేటయితే కస్టమర్ డబ్బు ఇవ్వడు, ఓనర్ ఉద్యోగం పీకేస్తాడు. మొపెడ్ మీద వెళ్తే కుదిరే పని కాదని స్పైడర్‌మ్యాన్ డ్రెస్ వేసుకుని బిల్డింగుల మధ్య ఊగుతూ పోతాడు. దారిలో ఇద్దరు పిల్లలు లారీ కింద పడబోతారు. పిజ్జాలు ఒక బాల్కనీలో పెట్టి వాళ్ళని కాపాడి, మళ్ళీ పిజ్జాలు తీసుకుని పరిగెత్తి, చీపుర్లు పెట్టే గదిలో బట్టలు మార్చుకుని బయటికొస్తాడు. రిసెప్షన్‌లో అమ్మాయి గడియారం చూస్తుంది. లేటు. డబ్బు ఇవ్వనంటుంది. ఉద్యోగం పోతుంది.

ఇద్దరు పిల్లల ప్రాణాలు కాపాడినందుకు అతనికి దక్కింది ఉద్యోగం ఊడటం. ఆ మాట ఎవరూ నోటితో చెప్పరు, గడియారం చూపిస్తారంతే. సినిమా మొత్తం ఈ పది నిమిషాల్లోనే ఉంది. ఆ తర్వాత పత్రికాఫీసుకి వెళ్ళి ఫోటో అమ్ముతాడు, చెక్కు చేతికొస్తుందేమో అనుకుంటే రెండు వారాల కిందట తీసుకున్న అడ్వాన్స్‌కే అది సరిపోదు. కాలేజీలో ప్రొఫెసర్ చివాట్లు. రూముకొస్తే ఓనర్ అద్దె అద్దె అని వెంటపడతాడు. ఆ ఓనర్ పేరు డిట్కోవిచ్, స్టాన్ లీతో కలిసి స్పైడర్‌మ్యాన్‌ని పుట్టించిన బొమ్మల కళాకారుడు స్టీవ్ డిట్కో గుర్తుగా ఆ పేరు పెట్టారంటారు.

నేను అమీర్‌పేటలో రూమ్‌లో ఉండి చదువుకునే రోజుల్లో ఈ సినిమా చూశాను. నలుగురం ఒకే గదిలో. నెల మొదటి వారంలో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితే లైటు ఆపేసి ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. తెర మీద అతను చప్పుడు కాకుండా నడుస్తుంటే తలుపు తెరుచుకుని ఓనర్ గొంతు వినపడే సీను చూసి మా నలుగురికీ ఒకేసారి గుండె ఆగినంత పనైంది. గోడలెక్కేవాడు, కార్లు ఎత్తేవాడు, వాడికీ ఇదే టెన్షనా అనిపించింది. అంతకుముందు ఏ సూపర్ హీరోనీ నేను మావాడు అనుకోలేదు.

మామూలుగా సీక్వెల్ అంటే ఏం చేస్తారు? మొదటిదానికంటే పెద్ద బిల్డింగులు కూలుస్తారు, ఒక విలన్ ఉన్నచోట ముగ్గుర్ని పెడతారు, హీరోకి కొత్త శక్తి ఇస్తారు. 2007లో ఇదే డైరెక్టర్ తీసిన మూడో భాగంలోనే ముగ్గురు విలన్లు వచ్చి ఇరుక్కుపోయారు. రెండో భాగానికి డబ్బేమీ తక్కువ పెట్టలేదు, దాదాపు 20 కోట్ల డాలర్లు, మొదటిదానికంటే చాలా ఎక్కువ. కానీ ఆ డబ్బంతా పెట్టి అడిగిన ప్రశ్న చాలా చిన్నది: మొదటి భాగం చివర్లో ఈ కుర్రాడు ఒక బాధ్యత నెత్తిన వేసుకున్నాడు కదా, దానికి రోజూ ఎంత ఖర్చవుతోంది? ఎవరు కడుతున్నారు? నా ఉద్దేశంలో ఈ సినిమా ఆ ఖర్చు లెక్క రాసినంతసేపూ గొప్పగా ఉంది. లెక్క వదిలేసిన చోటల్లా తడబడింది. బలమూ అక్కడే, బలహీనతా అక్కడే.

పుట్టినరోజు సీను తీసుకుందాం. పీటర్ పుట్టినరోజు అతనికే గుర్తులేదు. మే అత్త ఇంటికెళ్తాడు, కేకు ఉంటుంది, స్నేహితులుంటారు. అందరూ వెళ్ళాక వంటింట్లో ఆవిడ బల్ల దగ్గరే కునికిపాట్లు పడుతుంటే పక్కన బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం కనిపిస్తుంది. ఇల్లు పోయేలా ఉంది. ఆవిడ లేచి, పర్సులోంచి ఇరవై డాలర్ల నోటు తీసి అతని చేతిలో పెట్టబోతుంది. అతను వద్దంటాడు. ఆవిడ తీసుకో అంటుంది. మళ్ళీ వద్దంటాడు. అప్పుడు ఆవిడ గట్టిగా అరుస్తుంది. ఇచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు, తీసుకో, ఇక్కడ వదిలేసి వెళ్ళావంటే ఊరుకోను, అన్నట్టు కోపంగా అరిచి, వెంటనే ఏడ్చేస్తుంది.

ఆ కోపం గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. మే అత్తగా వేసిన రోజ్‌మేరీ హ్యారిస్ ఆ మాటని మెత్తగా చెప్పి ఉంటే అది మామూలు సెంటిమెంటు సీను అయ్యేది, మనం కళ్ళు తుడుచుకుని మర్చిపోయేవాళ్ళం. కానీ లేని ఇంట్లో పెద్దవాళ్ళు డబ్బు ఇచ్చేటప్పుడు మెత్తగా ఇవ్వరు. ఊరికి తిరిగెళ్ళేటప్పుడు బస్టాండ్‌లో మా అమ్మమ్మ చెంగు ముడి విప్పి నోటు మడిచి జేబులో కుక్కేది, వద్దంటే నిజంగానే తిట్టేది. ఇవ్వగలిగినంత కూడా ఇవ్వనివ్వకపోతే ఇంకేం మిగులుతుంది మనిషికి? ఆ అవమానం, ఆ ప్రేమ రెండూ ఒకే అరుపులో ఉన్నాయి. 20 కోట్ల డాలర్ల సినిమాలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఇరవై డాలర్ల నోటు.

తర్వాత ఆవిడ బ్యాంకుకి వెళ్తుంది అప్పు కోసం. అక్కడ కుర్రాడు నవ్వు మొహంతోనే ఇవ్వలేమంటాడు. పోనీలే, ఖాతా తెరిచినందుకు టోస్టరైనా వస్తుంది కదా అనుకుంటుంది, అది కూడా 300 డాలర్లు డిపాజిట్ చేస్తేనే అంటాడు. రెండు మాటల్లో అయిపోతుంది ఆ విషయం. ఆ వెంటనే విలన్ అదే బ్యాంకులో పడి దోచుకుంటాడు, పెద్ద ఫైటు మొదలవుతుంది, ఆవిడ బిల్డింగు అంచున వేలాడుతుంది. ఆ ఫైటు బాగానే ఉంది, కొన్ని చోట్ల గ్రాఫిక్స్ బొమ్మలు బొమ్మల్లాగే కనిపిస్తాయి కూడా, దాని మీద ఎక్కువ మాట్లాడను. నాకు మాత్రం టోస్టర్ దగ్గర కలిగిన బాధ ఆ ఎత్తు దగ్గర కలగలేదు.

ఇక విలన్. డాక్టర్ ఆటో ఆక్టేవియస్ మొదట విలన్‌లా పరిచయం కాడు. ఇంటికి పిలిచి భోజనం పెడతాడు, భార్య రోజీతో సరదాగా మాట్లాడతాడు, తెలివి అనేది మనుషుల మంచి కోసం వాడాల్సిన వరం అని కుర్రాడికి చెప్తాడు. ఇలాంటి గురువు దొరికితే బాగుండును అని మనకే అనిపిస్తుంది. చిన్న సూర్యుణ్ణి పుట్టించే ప్రయోగం వికటించి భార్య కళ్ళముందే చనిపోతుంది, వెన్నుకి తగిలించుకున్న నాలుగు ఇనప చేతులు అతుక్కుపోతాయి. ఆపరేషన్ థియేటర్‌లో ఆ చేతులు నిద్రలేచే సీను చూశారు కదా, హారర్ సినిమాలతో పైకొచ్చిన రైమీ తన పాత పనితనమంతా అక్కడ చూపించాడు. రంపం చప్పుడు, నేల మీద గోళ్ళు గీరుకుపోవడం, గోడ మీద నీడలు. పిల్లల సినిమా అని టికెట్ కొనుక్కున్నవాళ్ళు సీట్లో ముడుచుకుపోయి ఉంటారు. చాలా షాట్లలో ఆ చేతులు నిజంగా తయారు చేసినవే, మనుషులు తోలుబొమ్మల్లా ఆడించినవే. అందుకే అవి ఆయన మొహం దగ్గరికొచ్చి గుసగుసలాడుతుంటే వాటికీ ప్రాణముందని నమ్ముతాం. ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ ఈ సినిమాకే వచ్చింది.

మొలీనా గొప్ప నటుడు కాబట్టి ఒక లోపం మనకి కనపడకుండా పోయింది. చేతులు ఆయన మాట వినేలా మెడ దగ్గర ఒక చిప్ ఉంటుంది, ప్రమాదంలో అది కాలిపోతుంది, అప్పట్నుంచి చేతులే ఆయన్ని నడిపిస్తాయి. మరి దొంగతనం చేసింది ఎవరు? మనుషుల్ని విసిరేసింది ఎవరు? ఆయనా, చేతులా? సినిమా తేల్చలేదు. మంచివాడు అహంకారంతో చెడిపోయాడు అనే కథ కావాలి, కానీ అతన్ని మనం అసహ్యించుకోకూడదు కూడా, అందుకని తప్పు సగం ఆ చిప్ మీద వేసి తప్పుకున్నారు. భార్య పోయాక ఆ మనిషి లోపల ఏం తెగిపోయిందో ఇంకో సీను ఉంటే ఆ చిప్పే అక్కర్లేకపోయేది.

ట్రైన్ సీను దగ్గరికి వద్దాం, మీరంతా దానికోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. న్యూయార్క్‌లో జరిగినట్టు చూపించినా ఆ పైవంతెన రైలు షాట్లు షికాగోలో తీశారు. బ్రేకులు పోయిన రైలుని రెండు పక్కలా బిల్డింగులకి దారాలు వేసి లాగి ఆపుతాడు. డ్రెస్ చిరుగుతుంది, మొహానికి మాస్క్ లేదు, నరాలు తేలి అరుస్తాడు. పట్టాలు అయిపోయే చోట రైలు ఆగుతుంది, అతను స్పృహ తప్పి ముందుకి పడబోతే లోపలి నుంచి చేతులొచ్చి పట్టుకుంటాయి.

మన సినిమాల్లో హీరోని జనం భుజాల మీద ఎత్తుకుంటారు, డప్పులుంటాయి, ఈలలుంటాయి, అది మనకి రక్తంలో ఉన్న ఎలివేషన్. ఇక్కడా జనం హీరోని ఎత్తుకున్నారు, కానీ చేతుల మీదుగా, తలల పైనుంచి, శవాన్ని మోసినంత జాగ్రత్తగా లోపలికి చేర్చి కింద పడుకోబెడతారు. ఒకాయన ఆ మొహం చూసి, కుర్రాడే, మా అబ్బాయికంటే పెద్దవాడు కూడా కాదు, అంటాడు. ఇద్దరు పిల్లలు మాస్క్ తెచ్చి ఇచ్చి ఎవరికీ చెప్పం అంటారు. తర్వాత విలన్ లోపలికి దూరితే ఆ ప్రయాణికులే అడ్డం నిలబడతారు. ఆయన ఒక్క తోపుతో అందర్నీ పక్కకి నెట్టేస్తాడు, వాళ్ళవల్ల ఏమీ ఆగదు. ఆగదని తెలిసే నిలబడ్డారు. అంతసేపూ ఒక్కడే కడుతున్న ఖర్చులో మొదటిసారి ఇంకెవరో చెయ్యేసిన చోటు అది. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది, ఇప్పుడు చెప్తున్నా అంతే.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే చోట్లు.

మధ్యలో పీటర్‌కి శక్తులు పోతాయి. గాల్లో ఊగుతూ ఊగుతూ కింద పడతాడు, కళ్ళజోడు మళ్ళీ అవసరమవుతుంది. కారణం ఏమిటి? మనసులో సందేహం. ఒప్పుకుంటాను, అందమైన ఆలోచనే. డ్రెస్ చెత్తడబ్బాలో పడేసి వెనక్కి తిరిగి నడిచిపోయే షాట్ 1967లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ కామిక్ 50వ సంచికలో జాన్ రొమీటా వేసిన బొమ్మకి దండం పెట్టినట్టుంది. ఆ తర్వాత నిప్పంటుకున్న ఇంట్లోకి శక్తుల్లేకుండానే దూకి ఒక పాపని బయటికి తెస్తాడు, హమ్మయ్య అనుకునేలోపే నాలుగో అంతస్తులో ఎవరో చిక్కుకుని చనిపోయారని ఫైర్ సిబ్బంది మాట్లాడుకోవడం వింటాడు. అదీ లెక్క అంటే! అతను మామూలుగా బతకాలనుకుంటే ఎవరో ఒకరు పోతారు. అంత బరువైన చోటు నుంచి శక్తులు తిరిగి రావాల్సింది. అలా రావు. హీరోయిన్‌ని ఎత్తుకెళ్ళగానే వచ్చేస్తాయి. రాళ్ళ కుప్ప కిందనుంచి లేచి, కళ్ళజోడు పడేసి, అంతే. నాలుగో అంతస్తు మనిషి కోసం రాని శక్తి ప్రియురాలి కోసం వచ్చిందంటే, బాధ్యత అని రెండు గంటలు చెప్పిన మాటకి అర్థమేంటి?

ఇంకోటి. కాఫీ షాపులో పీటర్, అతను ప్రేమించే మేరీ జేన్ కూర్చుని ఉంటే విలన్ అద్దం పగిలేలా కారు విసురుతాడు. ఆయనకి కావలసింది స్పైడర్‌మ్యాన్ ఎక్కడున్నాడో పీటర్ నోటి నుంచి తెలుసుకోవడం. పీటరే స్పైడర్‌మ్యాన్ అని ఆయనకి తెలీదు. మామూలు కుర్రాడైతే ఆ కారు కింద నలిగి చచ్చిపోయేవాడు, అప్పుడు ఎవర్ని అడుగుతాడు? ఊపు కోసం లాజిక్ వదిలేశారు. అంతటి మహానగరం నాలుగిళ్ళ పల్లెలా మారిపోవడం కూడా అలాంటిదే, అత్త వెళ్ళిన రోజే అదే బ్యాంకులో దొంగతనం, ప్రయోగానికి డబ్బు పెట్టింది స్నేహితుడు హ్యారీ, హీరోయిన్ పెళ్ళి చేసుకోబోయేది హీరో పనిచేసే పత్రిక ఎడిటర్ కొడుకుని. వీటిని నేను పెద్దగా పట్టించుకోను, కథలంటే కొంత అంతే. నదిలో ముంచితే ఆరిపోయే చిన్న సూర్యుణ్ణి కూడా పట్టించుకోను.

క్షమించలేనిది మేరీ జేన్ విషయం. ఆ పాత్ర వేసిన కిర్‌స్టెన్ డన్‌స్ట్‌కి మంచి సీన్లే ఉన్నాయి. ఆమె నాటకాల్లో నటిస్తోంది, ఊరంతా ఆమె పోస్టర్లున్నాయి, ఈ కుర్రాడు నాటకానికి వస్తానని రాలేదు, కారణం చెప్పడు, చెప్పలేడు. ఆమె వైపు నుంచి చూస్తే అతను మాట తప్పేవాడు, అంతే. ఆ ఖర్చు ఆమె కట్టింది, ఏం జరుగుతోందో కూడా తెలియకుండా కట్టింది. ఇంత బాగా రాసుకొచ్చి, చివరికి ఏం చేశారు? మొదటి భాగంలో వంతెన మీద వేలాడదీశారు, ఇందులో రేవులో కట్టేశారు, అరవడం, కాపాడమనడం. నాటకాల పిల్ల, నోరున్న పిల్ల, ఆమెకి ఆ చివరి అరగంటలో చెయ్యడానికి పనే లేదు.

ఆమె పెళ్ళికొడుకు జాన్ జేమ్సన్ గురించి ఎవరూ మాట్లాడరు. చందమామ మీద నడిచొచ్చిన మనిషి, మంచివాడు, ఒక్క చెడ్డ మాట అనడు. పెళ్ళి మంటపంలో మేరీ జేన్ వదిలిపెట్టిన చీటీ చదువుకుని నిలబడిపోతాడు. వెంటనే అతని తండ్రి, ఖరీదైన తిండి డబ్బాలు తెరవొద్దని చెప్పండి అంటాడు, హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను మొదటిసారి. తర్వాత చూసినప్పుడు ఆ మొహం మీద కెమెరా ఇంకో రెండు క్షణాలు ఆగితే బాగుండును అనిపించింది. ఇరవై డాలర్ల నోటు దగ్గర అంత ఓపికగా ఆగిన డైరెక్టరే కదా, ఇక్కడ ఎందుకు ఆగలేదు? ప్రేమకథ సుఖాంతం కావాలి కాబట్టి దాని బిల్లు ఎవరో పక్కవాడి మీద వేసి వెళ్ళిపోయారు.

మే అత్త హీరోల గురించి చెప్పే పెద్ద డైలాగు ఉపన్యాసంలా ఉందని కొందరు అంటుంటారు. నాకు అలా అనిపించదు. అంతకుముందు వంటింటి బల్ల దగ్గర, ఆవిడ భర్త బెన్ మావయ్య చావుకి కారణం నేనే అని పీటర్ ఒప్పుకున్నప్పుడు ఆవిడ ఒక్క మాట అనదు. అతని చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, మేడ మెట్లెక్కి వెళ్ళిపోతుంది. ఆ మౌనం తర్వాత, ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దుకుంటున్న రోజున ఆవిడ క్షమించి మాట్లాడుతోంది. అంత మౌనం దాచుకున్న మనిషికి నాలుగు వాక్యాలు ఎక్కువ మాట్లాడే హక్కుంది. పైగా ఆవిడ ఇల్లు తిరిగి రాదు. చాలా సినిమాల్లో చివర్లో డబ్బు ఎక్కడో దొరికి ఇల్లు దక్కేస్తుంది. ఇక్కడ లారీ ఎక్కింది ఎక్కినట్టే పోతుంది.

చాక్లెట్ కేకు సీను గురించి చెప్పకుండా ముగించలేను. శక్తులు లేవు, ఉద్యోగం లేదు, ప్రేమ లేదు, గదిలో మంచం మీద ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఓనర్ కూతురు తలుపు తీసి, చాక్లెట్ కేకు ముక్క తింటావా అని అడుగుతుంది. సరే అంటాడు. గ్లాసు పాలు కూడా? బాగుంటుంది అంటాడు. కథకి దానివల్ల ఒరిగేదేమీ లేదు, కత్తిరించి పారేసినా ఎవరికీ తెలీదు. అద్దె కోసం వెంటపడే ఇంట్లోనే ఎవరో ఒకమ్మాయి ఏమీ ఆశించకుండా ప్లేటులో కేకు పెట్టి ఇచ్చింది. మా అమీర్‌పేట గదికి కూడా కింది వాటా నుంచి పండగరోజు పులిహోర గిన్నె వచ్చేది. ఆ సీను ఉంచినందుకు రైమీకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

టైమ్ అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. చివరి షాట్ ఒక్కటి చెప్పి మైకు ఇచ్చేస్తాను, ప్రశ్నలు మీరడుగుదురుగాని. మేరీ జేన్ పెళ్ళి బట్టల్లోనే అతని గదికి పరిగెత్తుకొస్తుంది, ఎంత కష్టమైనా తెలిసే వచ్చానంటుంది, ముద్దు పెట్టుకుంటారు. బయట పోలీసు సైరన్ మోగుతుంది. వెళ్ళు అని ఆమే పంపిస్తుంది. అతను కిటికీలోంచి దూకి ఊరి మీదుగా ఎగురుతూ పోతాడు, మామూలుగా అయితే సినిమా అక్కడ అయిపోవాలి. కెమెరా మళ్ళీ వెనక్కొస్తుంది. కిటికీ దగ్గర ఆమె మొహం, తెల్లటి పెళ్ళి బట్టలు, అతను వెళ్ళిన వైపే చూపు. నవ్వు నెమ్మదిగా తగ్గిపోతుంది. ఇక ప్రతి సైరన్‌కీ అక్కడ అలా నిలబడాలని అప్పుడే ఆమెకి తెలుస్తోంది.